ఫ్రీ మోషన్ కుట్టులో వదలిపోవు కుట్లు: కారణవిచారము

పైన ముక్కలు కూర్చిన బట్ట, నడుమ దూది పొర, అడుగున అస్తరు: ఈ మూడింటిని ఏకము చేయు కుట్టును మిషను మీద కుట్టునపుడు, బట్టను జరిపెడి పళ్ళను దించివైచి, రెండు చేతులతో దానిని తనకు దోచిన దిక్కునకెల్ల నడిపించుచు, లతలను, ఈకలను, సుడులను, చిన్ని చిన్ని వలయములను ఎడతెగని దారముతో రచించు పద్ధతికి ఫ్రీ మోషన్ క్విల్టింగని పేరు. ఈ విద్యయందు చేయి తిరిగినవారిని సైతము వేధించి, నెలల తరబడి కూర్చిన పనిపై విసుగు పుట్టించు లోపమొకటి కలదు. అది కుట్టు వదలిపోవుట. మిషను సాగుచునే యుండును, దారము తెగదు, ధ్వని మారదు. కాని కుట్టిన మేర తిరిగి చూచుకొన్నచో, వంపు తిరుగవలసిన చోట రెండు మూడు కుట్ల దూరము దారము తిన్నగా పడి, వృత్తఖండమునకు మారుగా జ్యా యేర్పడి కన్పట్టును. చూపునకు వికారమగుటయే గాక, అట్టి పొడుగు దారము గాజులకును ఉంగరములకును తగులుకొని లాగబడి, ఉతుకులో తెగి, ఇరుప్రక్కల నున్న మంచి కుట్లను గూడ విప్పుకొనిపోవును.

మిషనుతో క్విల్ట్ కుట్టుట చేతికుట్టుకంటె తక్కువదని పాశ్చాత్యదేశములలో చిరకాలము భావించిరి. 1989లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమందలి పడూకా పట్టణమున జరిగిన ప్రదర్శనలో, కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అను కళాకారిణి మిషను మీద కుట్టిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’ అను క్విల్ట్‌కు సర్వోత్తమ బహుమానము లభించినపుడు అది గొప్ప వివాదమునకు దారితీసినది. నాటినుండి మిషను కుట్టు కళాస్థాయి నందుకొన్నది. దానితోపాటు ఒక్కొక్క కుట్టును దగ్గరనుండి పరీక్షించు చూపును వచ్చినది. అందుచేతనే వదలిన కుట్టును గూర్చిన చర్చ ఈ విద్యలో ఎన్నటికిని తెగక సాగుచున్నది. ఆ చర్చను పరికించినచో పక్షములు పెక్కు గానవచ్చును. దోషమంతయు సూదిది, క్రొత్త సూది వేయుమనువారు కొందరు. దారము మార్చుమనువారు కొందరు. టెన్షన్ మర త్రిప్పుమనువారు మిక్కిలి మంది. చేతి తొందరను నిందించువారు మరికొందరు. టైమింగు చెడినది, మెకానిక్కునకు చూపుమని తీర్పు చెప్పువారును లేకపోలేదు. వీరిలో ఎవరును పూర్తిగా అసత్యము చెప్పుటలేదు. అయినను ఔషధములను మాత్రమే వల్లించి, రోగము ఎక్కడ పుట్టుచున్నదో విచారింపకపోవుటచేత, విన్నవారు ఒకనాడు సూదిని, ఒకనాడు దారమును, ఒకనాడు మరలను మార్చుచు, ఏది మార్చినందున గుణము కలిగినదో తెలియని స్థితిలో పడుచున్నారు. కావున ముందుగా కుట్టు పుట్టు విధమును తెలిసికొందము.

మిషను సూదికి ఒకవైపున పొడుగునా గాడి యుండును. దారము అందులో ఒదిగి, బట్ట ఒరయకుండ క్రిందికి దిగును. రెండవవైపున, కంటికి కొంచెము పైగా, సూదిని తొలిచి పల్లము చేసియుందురు. సూది బట్టను చొచ్చి అట్టడుగునకు దిగి, మరల సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచునప్పటికి, గాడి లేని వైపునున్న దారము బట్టతోడి రాపిడివలన సూదితో సమముగా లేవజాలక వెనుకబడి, పల్లము కడ చిన్న ఉచ్చుగా పొంగును. సరిగా ఆ క్షణమున షటిల్ కొక్కెపు మొన పల్లము వెంబడి దూరి, ఆ ఉచ్చును పట్టి, బాబిను చుట్టును త్రిప్పి, అడుగు దారమును దానిలో బంధించును. కొక్కెపు మొనకును సూదికిని నడుమ నుండవలసిన ఎడము సాధారణముగా 0.1 మిల్లీమీటరునకు మించదు. నిమిషమునకు 800 కుట్లు కుట్టు మిషనులో ఈ సమాగమము సెకనునకు పదమూడు మారులకు పైగా జరుగుచుండును. కుట్టు వదలినదనగా ఈ సమాగమము తప్పినదని అర్థము. ఉచ్చు పుట్టకపోవుటయో, పుట్టినది చిన్నదై లేక ప్రక్కకు వాలి కొక్కెమునకు అందకపోవుటయో, సూది తన స్థానమున లేకపోవుటయో, కొక్కెము వేళ తప్పి వచ్చుటయో, అనగా టైమింగు చెడుటయో, జరిగియుండవలెను. వేరు మార్గము లేదు. మన పెద్దలు పాత చీరెలను మడచి బొంతలు కుట్టు చేతికుట్టులో దారము సూది వెంట ఆసాంతము పోవునే గాని, ఉచ్చును పట్టవలసిన కొక్కెము లేదు. కనుక అందు ఈ లోపమునకు తావే లేదు.

సాధారణమైన కుట్టులో అరుదుగా కనిపించు ఈ లోపము ఫ్రీ మోషన్‌లో ఇంత తరచుగా ఏల కలుగుచున్నది? దీనికి సమాధానము మిషను చరిత్రలోనే యున్నది. ఇలయాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన మిషనులో బట్టను నిలువుగా ఒక లోహపు పట్టీకి ముళ్ళతో గ్రుచ్చి కుట్టెడివారు. ఆ పట్టీ పొడవు పూర్తికాగానే మిషనును ఆపి, బట్టను మరల గ్రుచ్చుకొనవలసివచ్చెడిది. 1854లో అలెన్ విల్సన్ నాలుగు చలనములుగల పళ్ళకు పేటెంటు పొందెను. పళ్ళు పైకి లేచి బట్టను పట్టును, జరుపును, క్రిందికి దిగి విడుచును, మరల మొదటి స్థానమునకు పోవును. మన యిండ్లలోని మిషనులు నేటికిని ఈ యేర్పాటునే అనుసరించుచున్నవి. దీనివలన బట్ట తనంతట జరుగుట యొక్కటే లాభమని తలచుట పొరపాటు. సూది బట్టలో నున్నంతసేపు బట్ట కదలకుండుట ఒక రక్షణ. సూది పైకి లేచునపుడు ఫుట్ బట్టను ప్లేటునకు అదిమి పట్టియుండుట రెండవ రక్షణ. ఫ్రీ మోషన్ కుట్టువారు పళ్ళను దించి, మామూలు ఫుట్‌ను విప్పి, ఈ రెండు రక్షణలను బుద్ధిపూర్వకముగా వదలుకొనుచున్నారు. స్వేచ్ఛకు అది మూల్యము. వదలిపోవు కుట్లలో అధికభాగము ఈ రెండు రక్షణల లోపమునుండియే పుట్టుచున్నవని నా దృఢమైన అభిప్రాయము. తక్కిన కారణములు వానికి తోడ్పడునవే గాని తమంత తాముగా ప్రధానములు గావు.

మొదట బట్ట లేచుటను గూర్చి చెప్పెదను. ఎందుకనగా చర్చలలో దీనికి తగిన స్థానము లభించుటలేదు. సూది పైకి లేచునపుడు బట్టయు దానిని అంటిపెట్టుకొని రెండు మిల్లీమీటర్లు లేచినదనుకొందము. అప్పుడు సూదికిని బట్టకును నడుమ జరుగుబాటే లేదు గనుక దారము వెనుకబడదు, ఉచ్చు పుట్టదు, కొక్కెము వట్టిచేతులతో తిరిగిపోవును. సూది క్రొత్తదైనను, దారము శ్రేష్ఠమైనదైనను, టైమింగు చక్కగా నున్నను దీనిని తప్పింపజాలవు. మూడు పొరల క్విల్ట్‌లో దూది పొర ఉబ్బుగా నుండి, పొరల నడుమ గాలి నిలిచియున్న చోట్ల ఈ లేచుట మరింత హెచ్చు. పొరలను పిన్నులతో గాని వదులు కుట్లతో గాని దగ్గర దగ్గరగా కలిపి యుంచవలెనని పూర్వులు చెప్పుట ముడుతలు పడకుండుటకు మాత్రమే యని యనుకొందురు; కుట్టు వదలకుండుటకును అదియే మొదటి సాధనము.

ఫ్రీ మోషన్‌కు వాడు ఎగురుడు ఫుట్, అనగా డార్నింగు ఫుట్, ఈ దోషమును నివారించుటకే పుట్టినది. దానికొక స్ప్రింగును, సూదిని బిగించు మరపై ఆనెడి చేయియును ఉండును. సూదితోపాటు ఫుట్ లేచి, సూది దిగునపుడు దిగి, ఉచ్చు పుట్టు క్షణమున బట్టను అదిమి పట్టవలెను. ఆ చేయి మరకు పైగా గాక క్రిందుగా నుండునట్లు బిగించినచో ఫుట్ ఎగురుట మాని ఒకేచోట నిలిచిపోవును. బిగించువారు ఇచ్చట పొరబడుట మిక్కిలి సామాన్యము. ఫుట్ ఎత్తు మరియొక ముఖ్యవిషయము. సూది అట్టడుగున నున్నపుడు ఫుట్ బట్టను తాకి మెత్తగా అదుముచుండవలెను. సూది పైనున్నపుడు బట్ట అడ్డములేక జరుగవలెను. పలుచని పొరకు సరిపోయిన ఎత్తు మందపు పొరకు భారమై బట్టను జరుగనీయదు; మందపు పొరకు అమర్చిన ఎత్తులో పలుచని పొర గాలిలో ఆడును. బట్ట సులువుగా జరుగుచున్నదను సంతోషముతో పెక్కుమంది ఫుట్‌ను అవసరమునకు మించి పైన నుంచుచున్నారు. వారి కుట్లు వదలిపోవుటకు అదియే హేతువు. తెలిసికొను ఉపాయము సులభము: చేతి చక్రమును తమవైపునకు మెల్లగా త్రిప్పుచు, సూది లేవ నారంభించినపుడు బట్ట అంచున కన్నుంచి చూడవలెను. బట్ట రవంతయు లేవకున్న ఈ కారణమును కొట్టివేయవచ్చును.

మన ఊళ్ళలో నల్లని తొక్కుడు మిషనుల మీద రవికెలకు, చీరెలకు పువ్వులు కుట్టువారు ఫుట్‌ను పూర్తిగా తీసివైచి కుట్టుట చూచియే యుందుము. పళ్ళు దించు వీలు లేని మిషనైనచో పళ్ళపై మూత ప్లేటు బిగింతురు. ఫుట్ లేకున్నను వారి కుట్టు వదలకుండుటకు కారణము ఫ్రేము. గుండ్రని ఫ్రేములో బట్టను మద్దెల చర్మమువలె బిగించి, ప్లేటునకు ఆనించి నడుపుటచేత, సూది వెంట లేచుటకు బట్టకు అవకాశముండదు. ఫుట్ చేయవలసిన పనిని అచ్చట ఫ్రేము చేయుచున్నది. ఈ కుట్టుపనివారి అనుభవమునుండి క్విల్ట్ కుట్టువారు నేర్చుకొనవలసినది చాల గలదు. అయితే దూది పొరను అంత బిగించినచో నలగి చదునగును. ఫ్రేమును మాటిమాటికి మార్చుచుండవలెను. కనుక క్విల్ట్‌నకు ఫ్రేమును నిత్యసాధనముగా గాక పరీక్షాసాధనముగా వాడుట మేలు: మొరాయించు చోట ఫ్రేము బిగించి నాలుగంగుళములు కుట్టగా కుట్టు వదలకున్న, దోషము బట్ట లేచుటయేనని నిశ్చయింపవచ్చును. నేరుకుట్టునకు మాత్రమే వాడు ఒంటి రంధ్రపు ప్లేటు గూడ ఈ సందర్భమున ఎంతో ఉపకరించును. జిగ్‌జాగ్ ప్లేటు వెడల్పాటి సందులోనికి బట్ట కుంగి లేచుట దానితో నిలుచును. ఆ ప్లేటు వేసియుండగా మరచి జిగ్‌జాగ్ పెట్టినచో సూది విరుగునని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక సూది వంగుట. ఈ విషయమును లెక్కవేసి చూచినగాని దాని తీవ్రత బోధపడదు. నిమిషమునకు 800 కుట్లు, కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు అనుకొన్నచో, చేయి బట్టను నిమిషమునకు 2 మీటర్ల చొప్పున నడపుచున్నదన్నమాట. ఒక కుట్టునకు పట్టు కాలములో సుమారు మూడవ వంతు సూది బట్టలో నుండునని తీసికొన్నను, ఆ వ్యవధిలో బట్ట 0.8 మిల్లీమీటరు జరుగును. కొక్కెమునకు గల ఎడము 0.1 మిల్లీమీటరు, జరుగుబాటు దానికి ఎనిమిది రెట్లు! బట్టయు దూదియు కొంత లొంగుటచేత సూది అంతయు వంగదు గాని, అందులో నాలుగవ వంతు వంగినను కొక్కెము ఉచ్చును పట్టజాలదు. లేదా సూదినే తాకును. కుట్టు పొడవు 5 మిల్లీమీటర్లైనచో ఈ జరుగుబాటు 1.6 మిల్లీమీటర్లకు పెరుగును. గమనింపదగిన దేమనగా, మిషను వేగమును చేతి వేగమును రెండింటిని రెట్టించినను ఈ లెక్క మారదు. వాని నిష్పత్తి మారినపుడే, అనగా కుట్టు పొడవు మారినపుడే, సూదిపై పడు లాగుడు మారును. కాబట్టి ‘మెల్లగా కుట్టుము’ అను ఉపదేశము సగము మాత్రమే నిజము. మెల్లని మిషను మీద మెల్లని చేయి, వడిగల మిషను మీద వడిగల చేయి రెండును క్షేమములే. అపాయమంతయు మిషను సమముగా సాగుచుండగా, సుడి కొసను గాని, ఈక వంపును గాని తిరుగునపుడు చేయి ఒక్క పెట్టున విసురుగా పోవుటలో నున్నది. అనుభవములేని చేయి వంపు తిరుగునపుడే తొందరపడును; కుట్లు వదలునదియు అచ్చటనే.

సూది ఏ దిక్కునకు వంగుచున్నదను ప్రశ్న ఇంకను సూక్ష్మమైనది. సూది తలయందలి చదును వైపు ఎటున్నదో, కొక్కెము సాధారణముగా అటునుండియే వచ్చును. బట్టను ఆ వైపునకు విరుద్ధముగా లాగినపుడు సూది కొక్కెమునకు దూరమగును, ఉచ్చు అందదు. ఆ వైపునకే నెట్టినపుడు సూది కొక్కెమునకు తగిలి మొన చెడును. చదును వెనుకవైపుండు మిషనులలో బట్టను తమవైపు లాగుకొనునపుడు మాత్రమే కుట్లు వదలుట ఇందువలననే. ఒక దిక్కున మాత్రమే వదలు కుట్టు వంగిన సూదికి స్పష్టమైన సాక్ష్యము. పెద్ద చట్రమునకు క్విల్ట్‌ను బిగించి మిషనునే నడపు లాంగ్ ఆర్మ్ యంత్రములలోను ఇదే న్యాయము. బట్ట నిలిచి మిషను కదలును గనుక దిక్కు మాత్రము తారుమారగును. ఆ యంత్రములకు ఎమ్.ఆర్. అను గుర్తుగల దృఢమైన సూదులను ప్రత్యేకముగా నిర్మించుట, నలుదిక్కుల లాగుడును తట్టుకొనుటకే.

సూదిని మార్చుమను పక్షమువారి మాట ఇచ్చట సార్థకమగుచున్నది. కాని వారు చెప్పు కారణము తరచు వేరు. మొన అరిగినదని వారందురు; అదియు నిజమే, మొన మొక్కవోయిన సూది బట్టను చీల్చక త్రోసికొనిపోవును, బట్ట లేచుటకు తోడ్పడును. ఎనిమిది గంటల కుట్టునకు ఒక సూది అను వాడుకలోని నియమము పాటింపదగినదే. అయినను ఫ్రీ మోషన్‌లో సూది లావే ప్రధానము. సూది సంఖ్య దాని వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులలో తెలుపును: 75 అనగా 0.75 మిల్లీమీటరు, 90 అనగా 0.9 మిల్లీమీటరు, మన దుకాణములలో ఇవే 11, 14 నంబర్లు. వంపును ఎదిరించు శక్తి వ్యాసముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించును గనుక, 75 బదులు 90 వాడినచో సూది దృఢత్వము రమారమి రెట్టింపగును. రంధ్రములు పెద్దవగునను భయముతో సన్నని సూదినే పట్టుకొని వ్రేలాడువారికి నేను చెప్పునది: నూలుబట్ట మీద ఆ రంధ్రములు ఒక్క ఉతుకుతో చాలవరకు పూడిపోవును, వదలిన కుట్టు మాత్రము పూడదు. మొన విషయమున, సామాన్యముగా దొరకు యూనివర్సల్ సూది మొన ఇంచుక గుండ్రనిది. గట్టినేతగల బాతిక్ బట్టలకు అది పనికిరాదు, వాడిమొనగల మైక్రోటెక్స్ గాని, క్విల్టింగు సూది గాని కావలెను. పెద్ద కన్నుగల టాప్‌స్టిచ్ సూదియు, దృఢమైన జీన్స్ సూదియు ఈ పనికి బాగుగా నప్పును. జిగురు అంటుకొనుట తగ్గించు టైటానియము నైట్రైడు పూతగల సూదులు మన్నిక యందు మేలైనవే గాని, పూత వంపును ఆపదు.

సూదిని బిగించుటలో మరొక ప్రమాదము కలదు. ఇంటి మిషనులకు కావలసినది 130/705 హెచ్ అను వర్గపు సూది. పాకెట్లపై దీనినే హెచ్.ఎ. గుణకారము 1 అని గాని, 15 గుణకారము 1 అని గాని ముద్రింతురు. దర్జీల పెద్ద మిషనులకు వాడు డి.బి. గుణకారము 1 సూది తల గుండ్రనిది, దాని కొలతలు వేరు. ఒకదాని స్థానమున మరొకటి ఇరికించినచో కన్ను ఎత్తు తప్పి కొక్కెము ఉచ్చును చేరదు. సరియైన సూదియైనను పూర్తిగా పైకి తాకునట్లు నెట్టక బిగించినచో అదే ఫలము. మొదటి కుట్టునుండియే అన్నియు వదలుచున్నచో మొట్టమొదట చూడవలసినది ఇదియే.

దారము సంగతి. ఉచ్చు పుట్టుటకు దారములో కొంత బిగువు, కొంత నిలకడ కావలెను. మిక్కిలి సాగు స్వభావముగల పాలియెస్టరు దారము టెన్షన్ పళ్ళెముల నడుమ సాగి, సూది లేచునపుడు ముడుచుకొనుటచేత ఉచ్చు పొంగక చదునుగా నిలుచును. పారదర్శకమైన నైలాన్ దారమునకును, జరీ దారమునకును వేరు వేరు మొండితనములు గలవు. మామూలు కుట్టుదారములు ఎక్కువగా ఒకే దిశలో పురి త్రిప్పబడి యుండును; మిషను అన్ని దిక్కులకు నడచునపుడు కొన్ని దిక్కులందు ఆ పురి విప్పుకొని, ఉచ్చులో దారము రెండుగా చీలి, కొక్కెము ఒక పాయను మాత్రమే పట్టుకొనును; కుట్టు వదలుటకు మారుగా దారము పీచుపీచైనచో దీనిని శంకింపవలెను. దారమునకును సూది కంటికిని పొత్తు కుదిరినదో లేదో తెలిసికొనుటకు చక్కని పరీక్ష యొకటి యున్నది. మిషను నుండి తీసిన సూదికి జానెడు దారము ఎక్కించి, దారమును ఏటవాలుగా బిగించి పట్టి, సూదిని పైకొసన విడువవలెను. సూది తనంతట జారినచో కన్ను చాలును. నిలిచిపోయినచో సూది సన్నము. ఇంత సులభమైన పరీక్షను విడిచి, ఖరీదైన రీళ్ళు ఒకదాని వెంట నొకటి కొనుట వృథా.

టెన్షన్‌ను గూర్చి నిర్మొహమాటముగా చెప్పవలసియున్నది. కుట్టులో ఏ లోపము కనిపించినను ముందుగా టెన్షన్ మరపై చేయి వేయుట మనకు అలవాటైనది. టెన్షన్ నిర్ణయించునది రెండు దారములు ముడివడు స్థానము: పై దారము క్రిందికి వ్రేలాడుచున్నదా, అడుగు దారము పైకి తేలుచున్నదా అనునది. వంపులలో అడుగుభాగమున కనురెప్పల వెంట్రుకలవలె దారములు వరుసగా పొడుచుకొని వచ్చుట టెన్షన్‌కును చేతి విసురునకును సంబంధించిన దోషము. దానిని వదలిన కుట్టుగా భ్రమించువారు పెక్కుమంది. కొక్కెము ఉచ్చును పట్టుకొన్న పిదపనే టెన్షన్ పని ఆరంభమగును. పై టెన్షన్ అతిగా బిగిసియున్నపుడు ఉచ్చు కుంచించుకొనిపోవునను మాట వాస్తవమే. కాని అది అరుదైన సందర్భము. కుట్టు వదలినపుడు టెన్షన్‌ను చివరి వరుసలో నుంచవలెనని నా తీర్పు, ఏలయనగా దానిని ముందు కదల్చినవాడు అంతవరకు సరిగా నున్న కుట్టును గూడ చెడగొట్టుకొని, ఒక దోషము స్థానమున రెండు దోషములతో మిగులును.

పొరల స్వభావము దోషమునకు చోటు చూపును. ఎనిమిది ముక్కల కొసలు కలియు నక్షత్రపు నడిమి భాగమున అతుకుల మందము గుట్టయై సూదిని ప్రక్కకు త్రోయును. అచ్చట అతుకులను విప్పి చదునుగా ఇస్త్రీ చేయుట, కుట్టు పొడవును తగ్గించుట, వీలైనంతవరకు ఆ స్థానమును తప్పించి చిత్రము గీచుకొనుట తెలివి. ఇస్త్రీతో అంటుకొను జిగురు పొరలను, అంటించు స్ప్రేలను వాడినచో సూదికి జిగురు పట్టి, దారమును లాగి, ఉచ్చును చెడగొట్టును. స్పిరిటుతో సూదిని తుడిచిన మరుక్షణము కుట్టు కుదురుట ఎవరైనను చూడవచ్చును. గంజి పెట్టిన బట్ట బిగువుగా నిలుచును గనుక లేచుట తగ్గునని కొందరు చెప్పుదురు; అందు సత్యమున్నది. కొత్త బట్టయందలి మిల్లు పూతలను ఉతికి పోగొట్టి, ఆపైన పలుచని గంజి పెట్టుట రెండు విధముల లాభకరము.

చేతి నేర్పును నిందించువారు కుట్టు పొడవు సమముగా రావలెనందురు. పైని లెక్క ప్రకారము వారి మాట న్యాయమే; బట్ట కదలికను గుర్తించి మిషను వేగమును తానే సవరించు స్టిచ్ రెగ్యులేటరు అను పరికరము ఈ విషయమున చేయికి ఆసరా యగుచున్నది. అయినను రెగ్యులేటరు వేసికొన్నపిదప కుట్లు వదలవని నమ్ముట పొరపాటు. అది కుట్టు పొడవును కాపాడును గాని, బట్ట లేవకుండ పట్టజాలదు, సన్నని సూదిని దృఢము చేయజాలదు. చేతికి రబ్బరు పట్టుగల తొడుగులు వేసికొని, అరచేతులతో బట్టను సూదికి ఇరువైపుల పరచి బిగువుగా నుంచుకొనుట, వ్రేళ్ళను మాత్రము ఫుట్‌కు దూరముగా నుంచుట, నా దృష్టిలో ఆ పరికరమునకంటె విలువైన అభ్యాసము.

మెకానిక్కు వంతు చివర వచ్చును. షటిల్ త్రోవలో దూది పొర నుండి రాలిన నూగు పేరుకొనుట అందరును ఎరిగినదే. ప్రతి రెండు మూడు బాబినులకు ఒకసారి బ్రష్షుతో దులిపి, త్రోవయందు ఒక్క చుక్క మిషను నూనె వేయుట సరిపోవును. టైమింగు మాత్రము తనంతట సులభముగా చెడునది కాదు. సాధారణముగా సూది ప్లేటునకు గాని కొక్కెమునకు గాని గట్టిగా తగిలి విరిగిన పిదప చెడును. కొక్కెపు మొనను వ్రేలిగోటితో తడవి చూచినచో గరుకు తెలియును. గరుకున్న మొన ఉచ్చును పట్టక చీల్చును. మిషనును మెకానిక్కునకు తీసికొనిపోవుటకు ముందు చేయదగిన నిర్ణాయకమైన పరీక్ష ఒక్కటి కలదు. క్రొత్త సూది వేసి, మామూలు ఫుట్ బిగించి, పళ్ళను పైకి తెచ్చి, రెండు పొరల నూలుబట్ట మీద తిన్నగా ఒక బారెడు కుట్టి చూడవలెను. అందును కుట్లు వదలుచున్నచో మిషనుదే దోషము, వెంటనే చూపింపవలెను. తిన్నని కుట్టు నిర్దోషముగా నుండి ఫ్రీ మోషన్‌లో మాత్రమే వదలుచున్నచో, పోయిన రెండు రక్షణలే కారణములని గ్రహించి, ముందు ఫుట్ ఎత్తును, ఆ వెనుక సూది లావును, ఆ వెనుక దారమును ఒక్కొక్కటిగా మార్చి, మార్చిన ప్రతిసారి అదే మందముగల చిన్న మాదిరి ముక్కపై పరీక్షింపవలెను. ఇట్లు చేసిన పిదపను దోషము నిలిచినచో, టైమింగు చెడక పోయినను దాని అంచున నిలిచియుండవచ్చును. తిన్నని కుట్టును సహించిన ఎడము ఫ్రీ మోషన్ లాగుడును సహింపలేకపోవచ్చును. అప్పుడు మెకానిక్కునకు ‘కుట్టు వదలుచున్నది’ అని మాత్రమే చెప్పక, ఏ దిక్కున, ఏ మందమున, ఏ సూదితో వదలుచున్నదో చెప్పి, వదలిన కుట్లుగల మాదిరి ముక్కను గూడ చూపింపవలెను.

వదలిన కుట్టును దిద్దుకొనుట సులభమే. ఆ చోటికి ఇరువైపుల అంగుళము మేర విప్పి, దారపు కొసలను చేతిసూదితో దూది పొరలోనికి దూర్చి దాచి, పాత కుట్లపై రెండు మూడు కుట్లు పడునట్లు మొదలుపెట్టి తిరిగి కుట్టవలెను. వదలిన కుట్టుమీదనే మరల కుట్టి కప్పిపుచ్చుటకు పూనుకొనరాదు. ఆ పొడుగు దారము క్రింద నుండి ఎప్పటికైనను తగులుకొనును.

కుట్టుపని నేర్పు కేంద్రములవారికిని, ఇంట పిల్లలకు ఈ విద్య చెప్పు తల్లులకును ఒక విన్నపము. దారము ఎక్కించుటయు, రవికె కత్తిరించుటయు నేర్పుటకు ముందు, బాబిను మూత తెరచి, ఫుట్ క్రింద రెండు పొరల బట్టనుంచి, చేతి చక్రమును మెల్లగా త్రిప్పి, సూది లేచునపుడు ఉచ్చు ఎట్లు పుట్టునో, కొక్కెము దానిని ఎట్లు పట్టునో శిష్యులకు కన్నులార చూపుడు. దానికి పట్టునది అయిదు నిమిషములు.